కొండ దిగి కుండీలోకి స్ట్రాబెర్రీ

2020 ఏప్రిల్ ఆరంభం. దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలులోకి వచ్చి వారం రోజులు గడిచాయి. మహారాష్ట్రలోని సతారా జిల్లా దారేవాడి గ్రామంలో ఒక రైతు తన పొలంలో పండిన స్ట్రాబెర్రీలను ఆవుకు మేపుతున్న ఛాయాచిత్రాన్ని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ ప్రపంచ పత్రికలకు అందజేసింది. పర్యాటకులు లేరు. ఐస్‌క్రీం తయారీదారులు కొనుగోళ్లు నిలిపివేశారు. పట్టణాలకు చేర్చడానికి లారీలు కరవయ్యాయి. పండు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పండుతూనే ఉంది. ఒక్క రోజు కోయకుండా విడిచిపెట్టినా మొక్క మీదనే మెత్తబడి కుళ్లిపోయే ఆ పంటను పశువులకు పెట్టడం మినహా రైతుకు గత్యంతరం లేకపోయింది.

ఇది జరిగిన తొమ్మిది నెలలకు అదే పండు మరో విధంగా వార్తలకెక్కింది. కరవు కాటకాలకూ, వలసలకూ పేరుపడిన బుందేల్‌ఖండ్ ప్రాంతంలోని ఝాన్సీ నగరంలో 2021 జనవరి 17 నుంచి నెల రోజులపాటు స్ట్రాబెర్రీ ఉత్సవం జరిగింది. ఆ నగరానికి చెందిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని తొలుత ఇంటి వద్ద, ఆ తరువాత పొలంలో ఈ పంటను పండించి చూపడమే దీనికి ప్రేరణ. అదే నెల 31వ తేదీన ఆకాశవాణిలో ప్రసారమైన ‘మన్ కీ బాత్’లో ప్రధాని నరేంద్ర మోదీ ఈ ప్రయత్నాన్ని ప్రస్తావించారు. ఇంటి పెరటిలోనూ, డాబా మీదా స్ట్రాబెర్రీని, కూరగాయలను పెంచుకోవలసిందిగా యువతను ప్రోత్సహించడం ఆ ఉత్సవ ఆశయాల్లో ఒకటి కావడం గమనార్హం.

సతారా పొలంలో ఆవు తిన్నదీ, ఝాన్సీ మేడ మీద పండినదీ ఒకే పండు. అయితే మొదటిది తినేవాడికి నూరు, నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండవది నాలుగు మెట్ల దూరంలో ఉంది. స్ట్రాబెర్రీ విషయంలో ధరను, రుచిని, నష్టాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఈ దూరమే.

కోసిన తరువాత పండదు

మామిడిని పక్వానికి వచ్చిన కాయగా కోసి గడ్డిలో మాగవేయవచ్చు. అరటి గెలను పచ్చిగానే దించి వందల కిలోమీటర్లు పంపవచ్చు. స్ట్రాబెర్రీకి ఆ సౌకర్యం లేదు. మొక్క నుంచి తెగిన క్షణంతోనే దాని పండే ప్రక్రియ ఆగిపోతుంది. ఎరుపు కొంత ముదిరితే ముదరవచ్చును గాని తీపి పెరగదు. అందువల్ల దూరపు మార్కెట్టుకు పంపే రైతు చిక్కులో పడతాడు. పూర్తిగా పండిన తరువాత కోస్తే దారిలోనే చితికిపోతుంది. ముప్పాతిక వంతు ఎర్రబడినప్పుడే కోస్తే గమ్యం చేరుతుంది కాని పులుపు తగ్గదు. నగరాల్లోని దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో మెరుస్తూ కనిపించే స్ట్రాబెర్రీని ఎంతో ఆశతో కొన్న గృహస్థు, పంచదార అద్దుకుంటే తప్ప తినలేకపోవడానికి కారణం ఇదే.

ఈ పండులో నూటికి తొంభై వంతులు నీరే. తొక్క అనదగినది లేదు. శీతలీకరణ లేకుంటే ఒకటి రెండు రోజులకు మించి నిలువదు. సున్నా డిగ్రీల సమీపంలో ఉంచితే దాదాపు వారం రోజులు ఉంటుంది. పొలం వద్ద చల్లబరచడం, చల్లని వాహనంలో తరలించడం, అంగడిలో చల్లగా ఉంచడం అనే గొలుసులో ఏ లంకె తెగినా సరకు చెత్తకుప్పకు చేరవలసిందే. 2020 వేసవిలో తెగినది ఆ గొలుసే. మహారాష్ట్రలోనే కాదు, శ్రీనగర్ శివార్లలోని గుసూ గ్రామంలో కూడా స్ట్రాబెర్రీ రైతులు ఆ మే నెలలో ఇదే ఆందోళనకు గురయ్యారు. చలికాలం గడిచిన తరువాత కాశ్మీర్‌లో మొట్టమొదట చేతికందే పండు ఇది. కోత కాలం అంతా కలిపి దాదాపు ఒక్క నెల మాత్రమే.

మహాబలేశ్వరం గుత్తాధిపత్యం

మన దేశంలో స్ట్రాబెర్రీ అనగానే గుర్తుకు వచ్చేది మహాబలేశ్వరం. సముద్ర మట్టానికి సుమారు 1,370 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సహ్యాద్రి పట్టణాన్ని బొంబాయి గవర్నరు సర్ జాన్ మాల్కం 1820 దశకం చివరి సంవత్సరాలలో ఆరోగ్య విడిదిగా తీర్చిదిద్దారు. వేసవి గడపడానికి వచ్చిన ఆంగ్లేయులే ఈ మొక్కను ఇక్కడికి తెచ్చారని ప్రతీతి. వారి బంగళాల తోటల్లో వేడుకగా పెరిగిన మొక్క క్రమంగా మహాబలేశ్వరం, పంచగని పరిసర గ్రామాల జీవనాధారమయింది. 2010లో ‘మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీ’కి భౌగోళిక గుర్తింపు లభించింది. పుస్తకాల గ్రామంగా 2017లో ప్రసిద్ధికెక్కిన భిలార్ కూడా అంతకు ముందు నుంచీ స్ట్రాబెర్రీ తోటలకు పేరుపడిన ఊరే.

దేశంలో పండే స్ట్రాబెర్రీలో 85 శాతం ఈ ప్రాంతానిదేనన్న అంచనా ఎంతో కాలంగా ప్రచారంలో ఉంది. ఇతర రాష్ట్రాల్లో సాగు విస్తరించిన తరువాత ఈ అంకెను కొంత జాగ్రత్తగా స్వీకరించవలసి ఉన్నప్పటికీ, పెద్దన్న స్థానం మాత్రం మహాబలేశ్వరానిదే. ఇక్కడి రైతులు గిట్టుబాటు సాధించడానికి ముంబయి, పుణె నగరాలు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉండడం ఒక కారణం. చితికిన పండును కొని జామ్, పానకం తయారుచేసే కర్మాగారాలు పక్కనే ఉండడం మరొక కారణం. తోట వద్దకే వచ్చి కొనుక్కుతినే పర్యాటకుడు మూడవ కారణం. ఈ మూడూ ఒకేసారి కుంటుపడినప్పుడు ఏమవుతుందో దారేవాడి చూపింది.

మైదానంలో శీతకాలపు అతిథి

స్ట్రాబెర్రీ కొండలకే పరిమితమన్న అభిప్రాయం సరికాదు. దానికి కావలసినది ఎత్తు కాదు, చలి. మన దేశంలో సాగయ్యే రకాలలో అధిక భాగం పగటి పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడినప్పుడు మొగ్గ తొడిగే స్వభావం కలవి. ఉత్తర భారత మైదానంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ రెండు పరిస్థితులూ ఉంటాయి. హర్యానాలోని హిస్సార్ జిల్లాలోనూ, బీహారులోని ఔరంగాబాద్ జిల్లాలోనూ, చివరకు కచ్ ఇసుక నేలల్లోనూ రైతులు ఈ పంట తీయగలగడానికి రహస్యం ఇదే. చల్లని దేశాల్లో అనేక సంవత్సరాలు బతికే మొక్కను ఇక్కడ గోధుమ, శనగ మాదిరిగా ఒక్క రబీ పంటగా మార్చుకున్నారు. మేఘాలయలోని రీ భోయ్ జిల్లా సోహ్లియా గ్రామం స్ట్రాబెర్రీ వల్లనే పేరు తెచ్చుకుంది. ఫిబ్రవరిలో అక్కడ జరిగే పండుగకు షిల్లాంగ్ నుంచి జనం తరలివెళతారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చలి లభించే చోటు లంబసింగి. పాడేరు మన్యంలో, చింతపల్లి మండలంలోని ఈ ఊరి పరిసరాల్లో కొందరు రైతులు శీతకాలంలో స్ట్రాబెర్రీ వేస్తున్నారు. పొగమంచు చూడడానికి వచ్చిన సందర్శకులు తోటల వద్దనే పండు కొనుక్కుంటారు. అక్కడ కూడా అమ్మకం సాగుతున్నది లారీ మీద ఆధారపడి కాదు, నడిచివచ్చే కొనుగోలుదారు మీద ఆధారపడే.

డాబా మీద

ఇంటి సాగు విషయానికి వస్తే, స్ట్రాబెర్రీకి పెద్ద స్థలం అవసరం లేదు. దాని వేళ్లు చాలావరకు పై జానెడు మట్టిలోనే వ్యాపిస్తాయి. ఎనిమిది పది అంగుళాల లోతుగల కుండీ ఒక మొక్కకు సరిపోతుంది. పొడవైన తొట్టెలో అడుగుకొకటి చొప్పున నాటవచ్చు. తోట మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన గుల్ల మిశ్రమం దీనికి అనుకూలం. నీరు నిలిచే బంకమట్టి పనికిరాదు. స్వల్పంగా ఆమ్లగుణం గల నేల, అంటే ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 వరకు ఉన్నది, ఉత్తమం.

నాటే సమయం మైదానాల్లో అక్టోబరు. వర్షాలు వెనుకబడి, రాత్రులు చల్లబడుతున్న రోజులవి. నాటడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. స్ట్రాబెర్రీ మొక్కకు ఆకులన్నీ ఒకే మొవ్వు నుంచి పుడతాయి. ఈ మొవ్వు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. మరీ పైకి తేలితే వేళ్లు ఎండిపోతాయి. మొవ్వు సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. వేలెడు తేడాతో మొక్క బతుకు తారుమారవుతుంది. నాటిన తొలి వారాల్లో వచ్చే ఒకటి రెండు పూలను గిల్లివేయడం మంచిది. మనసొప్పని పనే అయినా, వేళ్లు నిలదొక్కుకోవడానికి ఇది అవసరం.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీరు ఉదయం పూట, ఆకుల మీద కాక మట్టి మీద పోయాలి. ఆకులు, పండ్లు తడిగా ఉన్న చోట బూడిదరంగు బూజు తెగులు వెంటనే చేరుతుంది. మట్టిపై వరిగడ్డి పరచడం ఆనవాయితీ. పండు మట్టిని తాకకుండా ఉండడానికీ, తేమ నిలవడానికీ ఇది ఉపకరిస్తుంది. పెద్ద తోటల్లో గడ్డి స్థానాన్ని నల్లని ప్లాస్టిక్ పొర ఆక్రమించింది గాని, పది కుండీల ఇంటికి గడ్డే చాలు.

నగరాల్లోని ఇంటి తోటలకు అసలు ఇబ్బంది నీటితోనే. స్ట్రాబెర్రీ ఉప్పును ఏమాత్రం సహించదు. బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న చోట ఆకుల అంచులు మాడి, మొక్క గిడసబారుతుంది. చాలామంది దీనిని తెగులుగా భావించి మందులు చల్లుతారు. మందు కాదు, మంచి నీరు కావాలి. పట్టి ఉంచుకున్న వాననీరు గాని, కుళాయి నీరు గాని వాడుకోవడం మేలు. అతిగా ఎరువు వేయడం వల్ల కలిగే నష్టం కూడా ఇటువంటిదే. నత్రజని ఎక్కువైతే ఆకులు గుబురుగా ఎదుగుతాయి, కాపు మాత్రం ఉండదు.

పూవు విచ్చిన తరువాత పండు చేతికి రావడానికి ఇంచుమించు నెల రోజులు పడుతుంది. ఇక్కడ వృక్షశాస్త్రం చేసిన చిత్రం ఒకటి ఉంది. మనం పండుగా భావించి తినే ఎర్రటి కండ నిజానికి ఉబ్బిన పుష్పాసనం. దాని ఒంటి మీద నువ్వుల్లా కనిపించే గింజలే అసలైన ఫలాలు. ఒక్కో గింజ ఫలదీకరణ చెందితేనే దాని చుట్టూ ఉన్న కండ పెరుగుతుంది. తేనెటీగ తాకని వైపు పండు నొక్కుకుపోయి వంకర తిరుగుతుంది. ఏడెనిమిది అంతస్తుల మేడ మీద తేనెటీగలు రాని ఇళ్లలో వికారంగా పండ్లు కాయడానికి కారణం తెలియక గృహిణులు విత్తన దోషమనుకుంటారు. మెత్తని కుంచెతో పూవు నడిమి భాగాన్ని తేలికగా నిమిరితే ఈ లోపం చాలావరకు సర్దుకుంటుంది. పండు ఎర్రబడే వేళకు పిట్టలు, ఉడతలు ఎలాగూ హాజరవుతాయి. వల కప్పక తప్పదు.

విత్తనం కాదు, తీగ

నేడు ప్రపంచమంతటా సాగవుతున్న తోట స్ట్రాబెర్రీ ప్రకృతిలో పుట్టినది కాదు. స్పానిష్ కోటల రహస్యాలు తెలుసుకోవడానికి దక్షిణ అమెరికా వెళ్లిన ఫ్రేజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు 1714లో చిలీ నుంచి పెద్ద పండ్ల మొక్కలు కొన్నింటిని స్వదేశానికి తెచ్చాడు. అవన్నీ ఆడ మొక్కలు కావడంతో ఒంటరిగా కాయలేదు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా రకం పక్కన నాటినప్పుడు కాశాయి. ఆ రెండింటి సంకరమే ఇప్పటి స్ట్రాబెర్రీ. ఇది గులాబీ కుటుంబానికి చెందిన మొక్క.

సంకరజాతి కావడం వల్ల గింజ నాటితే తల్లి గుణాలు రావు. అదే రకం కావాలంటే మొక్క నేల మీదుగా పాకించే తీగలే ఆధారం. ఈ తీగ కణుపు మట్టిని తాకిన చోట వేళ్లూని పిల్ల మొక్క అవుతుంది. రైతులు వీటిని రన్నర్లు అంటారు. అందుచేత ఇంటర్నెట్ అంగళ్లలో ఆకర్షణీయమైన బొమ్మలతో అమ్మే విత్తనాల పొట్లాలకు డబ్బు తగలేయడం వృథా. నీలి రంగు స్ట్రాబెర్రీ విత్తనాలంటూ అమ్మేవి మరీ మోసం. అటువంటి పండు లోకంలో లేదు.

మంచి మొక్క సంపాదించడమే ఇంటి సాగుకూ, వాణిజ్య సాగుకూ ఉమ్మడిగా ఉన్న సమస్య. మన తోటల్లో కనిపించే స్వీట్ చార్లీ, వింటర్ డాన్ రకాలు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రూపొందినవి. చాండ్లర్, కామరోసా రకాలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టినవి. తల్లి మొక్కలు విదేశాల నుంచి విమానాల్లో వేసవి చివరకు వస్తాయి. మహాబలేశ్వరంలో కుంభవృష్టి కురిసే రోజుల్లో వాటిని దిగువన వర్షం తక్కువగా ఉండే వాయి ప్రాంతపు నర్సరీలలో ఉంచి, తీగలు పాకించి, పిల్ల మొక్కలు తయారుచేస్తారు. సెప్టెంబరు నుంచి అవి కొండ మీది పొలాలకూ, ఇతర రాష్ట్రాలకూ బయలుదేరతాయి. ఎకరాకు ఇరవై వేలకు పైగా మొక్కలు కావాలి కాబట్టి రైతు పెట్టుబడిలో పెద్ద పద్దు మొక్కలదే. స్వదేశీ స్ట్రాబెర్రీ అని మనం మురిసిపోయే పండుకు పుట్టిల్లు ఇంకా పరాయి దేశమే అన్నది మరువరాదు.

జమాఖర్చు

ఇంటి సాగు వల్ల డబ్బు ఆదా అవుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పవలసిన సమాధానం, కాదు అనే. నాలుగు నెలల కాలంలో ఒక్కో మొక్క పావు కిలో పండ్లు ఇస్తే కుండీ సాగులో అది మంచి ఫలితం. పది మొక్కలు పెట్టిన ఇంటికి దక్కేది రెండున్నర కిలోలు. అదీ ఒక్కసారిగా కాదు, రోజుకు రెండు మూడు పండ్ల చొప్పున. కుండీలు, మట్టి, మొక్కలు, వల అన్నీ లెక్కలో వేస్తే తొలి ఏడాది మార్కెట్టు ధరే చవుక అనిపించవచ్చు. డాబా మీద పండించి అమ్ముకోవచ్చునంటూ జరిగే ప్రచారాన్ని నమ్మి కుండీలు కొనేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఆదాయం కోరేవారికి పొలం కావాలి, పొలంతోపాటు దగ్గరలో కొనుగోలుదారులూ కావాలి. ఝాన్సీ విద్యార్థిని సైతం ఇంటి వద్ద పరీక్షించి చూసిన తరువాత పొలంలోకి దిగింది.

డబ్బుతో కొనలేనిది ఒకటి మాత్రం ఇంటి తోటలో దొరుకుతుంది. తొడిమ దాకా ఎర్రబడిన పండును కోసిన నిమిషంలోనే తినడం. నూరు గ్రాముల స్ట్రాబెర్రీలో దాదాపు 59 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుందని ఆహార పట్టికలు చెబుతాయి. కోసినది మొదలు అది తరుగుతూనే ఉంటుంది. నగరాల్లోని పిల్లల్లో చాలామంది ఈ పండు రుచిని ఎరిగినది ఐస్‌క్రీంలోని సువాసన ద్రవ్యం ద్వారానే. మొక్క మీద పండిన దానిని వారి చేతికిస్తే ఇది వేరే పండు అంటారు.

ఫిబ్రవరి దాటి ఎండలు ముదిరే కొద్దీ పండు పరిమాణం చిన్నదవుతుంది. కాపు ఆగి, మొక్క తీగలు పాకించడం ప్రారంభిస్తుంది. మహాబలేశ్వరంలో కోత ఏప్రిల్ దాకా కొనసాగుతుంది గాని, మైదానంలో మార్చి ఆఖరుకు ముగిసినట్టే. పిల్ల మొక్కలను నీడలో, తడి ఆరకుండా కాపాడి వచ్చే అక్టోబరుకు వాడుకోవాలని ప్రయత్నించేవారున్నారు. 45 డిగ్రీలు దాటే ఝాన్సీ వేసవిలో వాటిలో బతికి బట్టకట్టేవి కొద్ది. బతికినవాటిలోనూ వైరస్ తెగుళ్లు పేరుకొని ఏటేటా కాపు తగ్గుతుంది. అందుకే అధిక సంఖ్యాకులు కొత్త మొక్కలకే మొగ్గు చూపుతారు. వాయి నర్సరీలలో తల్లి మొక్కలు తీగలు సాచే జూన్, జులై నెలల్లో మైదానపు డాబాల మీద స్ట్రాబెర్రీ కుండీలు ఖాళీగా ఉంటాయి. తెలివైన ఇల్లాలు ఆ మట్టిలో తోటకూర విత్తనాలు చల్లుతుంది.